చుట్టపుచూపు ఎన్నాళ్ళకు పోతుంది? టాంజానియాలో పాఠాలు చెబుతూ నాలుగో నెల

పాలమూరు_పంతులు | మే 11, రాత్రి 9:20

అందరికీ నమస్కారం. విదేశాల్లో స్వచ్ఛందంగా పాఠాలు చెప్పి వచ్చినవారు ఈ వేదికలో కొందరున్నారని తెలిసి, చాలా రోజులు తటపటాయించి ఇప్పుడు రాస్తున్నాను. మాది మహబూబ్‌నగర్ జిల్లా. జనవరి నుండి టాంజానియా ఉత్తర ప్రాంతంలో, అరుషా నుండి డొడోమా వెళ్ళే దారిమీది బబాటి పట్టణానికి కొంత దూరంలో, ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో గణితం చెబుతున్నాను. స్వచ్ఛంద సేవకులకిచ్చే 'సి' తరగతి నివాస అనుమతి మీద వచ్చాను. ఇంకా ఇరవై నెలలు ఉండాలి.

తరగతి గురించి నాకు పెద్దగా ఫిర్యాదు లేదు. ఇక్కడ ప్రాథమిక విద్య అంతా స్వాహిలీలో సాగి, ఉన్నత పాఠశాలలో అడుగుపెట్టిన రోజు నుండే చదువు ఇంగ్లీషులోకి మారిపోతుంది కనుక, మొదటి సంవత్సరం పిల్లలు లెక్క తెలిసి కూడా ప్రశ్న అర్థంకాక మౌనంగా కూర్చుంటారు. పదో తరగతి దాకా తెలుగు మాధ్యమంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషు పుస్తకం ముందు బిక్కమొహం వేసిన నాకు ఆ మౌనం బాగా తెలుసు. ఒకరోజు నల్లబల్ల మీద కూడిక వేస్తూ మా తాత అలవాటుగా అనే "హిసాబు" అన్న మాట నోట వచ్చేసింది. డెబ్బై మంది ఒక్కసారిగా తలెత్తారు. స్వాహిలీలో లెక్కను హెసాబు అంటారట. అరబ్బీ మాట సముద్రం మీదుగా వీళ్ళకూ, ఉర్దూ మీదుగా పాలమూరుకూ చేరిందన్నమాట. పుస్తకం ఇక్కడ కితాబు, కలం కలాము, దుకాణం దూకా. ఆ రోజు నుండి తరగతిలో నాకూ పిల్లలకూ మధ్య బెరుకు చాలావరకు పోయింది.

కష్టమంతా బడి వదిలాకే. నీళ్ళ బకెట్టు ఎత్తుకుని నడుస్తుంటే ఎవరో ఒకరు వచ్చి చేతిలోంచి తీసుకుంటారు. ఎవరింటికి వెళ్ళినా ఉన్న ఒక్క కుర్చీ నాకు వేసి, ఇంటివాళ్ళు చాప మీద కూర్చుంటారు. రైతులు నన్ను పంతులుగా కంటే ఇండియా మనిషిగానే చూస్తారు. ఇక్కడ మొక్కజొన్నలో అంతరపంటగా కంది వేస్తారు, దానిని మ్బాజీ అంటారు. 2017 ఆగస్టులో మన దేశం కందుల దిగుమతిపై పరిమితి పెట్టినప్పుడు ఇక్కడ ధర కుప్పకూలింది. ఒక విద్యార్థి తండ్రి, పరిచయమైన అయిదో నిమిషంలో, మీవాళ్ళు మళ్ళీ అలా చేసేముందు కాస్త చెప్పించగలరా అని చాలా మర్యాదగా అడిగారు. నాకు జవాబు తోచలేదు.

గదికి వచ్చి తలుపు వేసుకున్నాక రేకుల మీద వాన చప్పుడు తప్ప తోడు ఉండదు. నాలుగు నెలలుగా నేను చుట్టాన్నే. అరుషాలో తరతరాలుగా స్థిరపడిన ఒక గుజరాతీ కుటుంబం, తమ ఇంట్లో గది ఇస్తామనీ, అక్కడి పాఠశాలలో చెప్పవచ్చుననీ అంటున్నారు. వెళ్ళాలా, ఉండాలా? మీకు పరాయి ఊరు ఇల్లుగా మారినదెప్పుడో, దేనివల్లనో, దయచేసి ఉన్నదున్నట్టు రాయండి.

గంగరావి | మే 12, ఉదయం 6:45

పంతులుగారికి నమస్తే. నేను 2012 నుండి రెండేళ్ళు అదే దేశంలో, మీకు చాలా దూరంగా దక్షిణాన సముద్రపుటొడ్డున ఉన్న మ్త్వారాలో, ఆడపిల్లల పాఠశాలలో జీవశాస్త్రం చెప్పాను. మీరు రాసిన కుర్చీ సంగతి చదవగానే నా మొదటి ఆరు నెలలూ కళ్ళముందు మెదిలాయి.

మాది కోనసీమ. మ్త్వారాలో కొబ్బరిచెట్లూ పనసచెట్లూ చేపల బుట్టలూ చూసి, ఇది మా ఊరే కదా అని మొదటి వారం సంబరపడి, రెండో వారం నుండి అంతకు రెట్టింపు దిగులుపడ్డాను. చూడటానికి అంతా మనదిలాగే ఉండి, పలకరించడానికి మనవాళ్ళు లేకపోతే ఆ బెంగ ఇంకా ఎక్కువ.

నేను అద్దెకున్న ఇంటి పెద్దావిడ తరచూ కొబ్బరిపాలు పోసి అన్నం వండేవారు. కొబ్బరి కోరడానికి వాళ్ళు వాడే చిన్నపీటను మ్బుజీ అంటారు, ఆ మాటకు మేక అని అర్థం. మడిచిపెట్టగల చెక్కపీట, దాని ముందుకు నాలుకలా చాచిన ఇనుపరేకు, రేకు చివర పళ్ళు. పీట మీద కూర్చుని చిప్పను రెండు చేతులా పట్టుకుని ఆ పళ్ళకు ఆనించి తిప్పుతుంటే కోరు కింది పళ్ళెంలో రాలుతుంది. మా అమ్మమ్మగారి కత్తిపీట కొసన ఉండే కోరూ అదే పనిచేస్తుంది. ఒక సాయంత్రం ఆవిడకు మణికట్టు నొప్పిగా ఉంటే, ఎవరినీ అడగకుండా వెళ్ళి పీట మీద కూర్చున్నాను. చిప్పనంటిన గోధుమరంగు పొర కలవకుండా తెల్లకోరు మాత్రమే రాలేట్టు చెయ్యి ఆపడం మా ఇంట్లో ఆడపిల్లలందరికీ చిన్నప్పుడే నేర్పారు. ఆవిడ ఒక చిప్ప అయ్యేదాకా నిలబడి చూసి, ఏమీ అనకుండా రెండో చిప్ప నా ముందు పెట్టి పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయారు. మర్నాటి నుండి కొబ్బరి వంతు నాదే. నేను బడి నుండి ఆలస్యంగా వస్తే ఆ ఇంట్లో వంట ఆలస్యమయ్యేది, ఎందుకు ఆలస్యమైందని నన్ను నిలదీసేవారు కూడా.

స్వాహిలీలో ఒక సామెత ఉంది: "మ్గేని సికు మ్బిలి, సికు యా తాతు మ్పే జెంబే." అతిథి రెండు రోజులే, మూడో రోజున చేతికి పార ఇవ్వు అని. ఆ దేశం మ్వాలిము, అంటే గురువుగారు, అని పిలుచుకునే తొలి అధ్యక్షుడు జూలియస్ న్యెరేరే 1962లో రాసిన తన వ్యాసంలో ఈ సామెతను ఉదహరించారు. రాజకీయాల్లోకి రాకముందు ఆయనా బడిపంతులే. మీకు నాలుగు నెలలైనా ఎవరూ పార ఇవ్వలేదు. వాళ్ళు ఇచ్చేదాకా ఆగకండి, మీరే అడిగి తీసుకోండి. అరుషాలోని కుటుంబం మంచివారే అయివుంటారు, కానీ అది వాళ్ళు కట్టుకున్న ఇల్లు. అక్కడా మీకు కుర్చీయే వేస్తారు.

ఓడరేవు | మే 14, రాత్రి 11:05

గంగరావి గారి మాటను గౌరవిస్తూనే నా అనుభవం వేరుగా ఉందని చెప్పాలి. స్వచ్ఛందంగా వెళ్ళినవారు ఇల్లు వెతుక్కోవడం అంత నిరపాయమైన పని కాదని నేను నమ్ముతున్నాను.

కాంబోడియాలోని సియెం రీప్‌లో ఒక అనాథాశ్రమంలో మూడు నెలలు ఇంగ్లీషు చెప్పాను. అక్కడ నాకు ఇల్లు మూడో రోజునే దొరికింది. పిల్లలు భుజాల మీదకెక్కారు, అన్నా అన్నారు, వెళ్ళేరోజున ఏడ్చారు. విమానంలో నేనూ ఏడ్చాను, అంత ప్రేమ నాకెక్కడా దొరకలేదని అందరికీ చెప్పుకున్నాను. ఆ దేశంలో అలాంటి ఆశ్రమాల్లోని పిల్లల్లో చాలామందికి తల్లో తండ్రో బతికే ఉన్నారనీ, వచ్చిపోయే విదేశీయుల చందాల కోసమే కొన్ని ఆశ్రమాలు పెరిగాయనీ తర్వాత చదివి తెలుసుకున్నాను. నాకు ముందు వచ్చినవారి కోసం ఆ పిల్లలు అలాగే ఏడ్చి ఉంటారు, నా తర్వాత వచ్చినవారి కోసమూ ఏడ్చి ఉంటారు. నాకు ఇల్లు దొరికిన ప్రతిసారీ వాళ్ళకు ఒక మనిషి పోయాడు. ఈ మాట రాయడానికి నాకు ఇప్పటికీ చెయ్యి ఆడదు.

పంతులుగారు పనిచేసేది పాఠశాలలో, అదీ రెండేళ్ళు. రెంటికీ పోలిక లేదని ఒప్పుకుంటాను. అయినా ఆదివారాలు అరుషా వెళ్ళి, మన తిండి తిని, మన మాటలు మాట్లాడుకుని, సోమవారానికి తేలికపడి తరగతికి రావడంలో తప్పేమీ లేదు. మీ ఒంటరితనాన్ని తీర్చే బాధ్యత పిల్లల మీద పడకూడదు. అంతే నేను చెప్పదలచుకున్నది.

కోరంగి_గాలి | మే 17, ఉదయం 10:30

తెలుగు పండితుడిగా ఉద్యోగ విరమణ చేశాక నేను మారిషస్‌లో ఒక ఏడాది సాయంకాల తరగతులు చెప్పాను. 19వ శతాబ్దంలో చెరకు తోటల పనికి కాకినాడ దగ్గరి కోరంగి రేవు నుండి ఓడలెక్కి వెళ్ళిన మనవాళ్ళను అక్కడ చాలాకాలం కోరంగీలనే పిలిచారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం, బడుల్లో తెలుగు పాఠ్యాంశం. ఇంతకంటే సొంత ఊరు ఇంకెక్కడ దొరుకుతుందనుకుని వెళ్ళాను.

మొదటి నెలలోనే ఒక అపరాధం చేశాను. వాళ్ళు రాత్రంతా దీపం చుట్టూ తిరుగుతూ రామభజన చేస్తారు. ఇళ్ళలో మాట్లాడేది క్రియోల్ భాష కనుక చాలామంది ఆ కీర్తనలను రోమను లిపిలో రాసుకుని, కొందరు తాతల నోట విన్నది విన్నట్టు నేర్చుకుని పాడతారు. ఒక పెద్దాయన పాడుతుండగా ఒక పదం తప్పు పలికారని, అలవాటైన పంతులుతనంతో మధ్యలోనే సరిదిద్దాను. ఆయన ఆపేశారు. తాళాలు ఆగాయి. నన్నెవరూ ఏమీ అనలేదు, ఇంకా మర్యాదగా చూశారు, ఆ మర్యాద నాలుగు నెలలపాటు కరగలేదు. తర్వాత ఆలోచిస్తే, ఆయన పలికిన రూపం మా ఉత్తర తీరపు పల్లెల్లో మా నాయనమ్మ పలికినదేనని గుర్తుకొచ్చింది. నేను బడిలో చదువుకుని పోగొట్టుకున్న మాటను ఆయన సముద్రం దాటించి దాచుకున్నారు.

అమ్మోరు పండుగ నాడు ఆయన దగ్గరకు వెళ్ళి, నాకు భజన అడుగులు రావు, నేర్పుతారా అని అడిగాను. ఆయన నా చెయ్యి పట్టుకుని దీపం చుట్టూ తిప్పారు. అడుగు తప్పినప్పుడల్లా అందరి ముందూ గట్టిగా సరిదిద్దారు. ఆ సరిదిద్దడంలో నాకు కలిగిన నెమ్మది ఇంతా అంతా కాదు. ఒకే భాషవాళ్ళ మధ్య ఉండి కూడా నేను పరాయినయ్యాను కనుక, అరుషా వెళ్తే ఒంటరితనం పోతుందని పంతులుగారు అనుకోవద్దని నా మనవి.

పటాన్‌చెరు_పొలం | మే 19, మధ్యాహ్నం 1:15

కందుల మాట వచ్చింది కనుక రెండు ముక్కలు. మా ఊళ్ళో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ కంది పరిశోధన మీ బబాటి ప్రాంతపు పొలాల దాకా చేరింది. మీరు బడికి వెళ్ళేదారిలో కనిపించే కంది రకాల్లో మా పక్క పొలాల శాస్త్రం కొంత ఉండవచ్చు. ఇక, 2021 మే నుండి మన దేశం కంది దిగుమతిని మళ్ళీ స్వేచ్ఛగా అనుమతించింది. ఆ తండ్రి మళ్ళీ అడిగితే ఈ మాట చెప్పండి, కానీ ఇకముందు ఆంక్షలు ఉండవని మాత్రం హామీ ఇవ్వకండి. నేనూ కంది రైతునే. దిగుమతులు వస్తే ధర తగ్గి నష్టపోయేది నేను, ఆగిపోతే నష్టపోయేది ఆయన. ఆయన బాధ నాకు అర్థమవుతుందని చెప్పండి. ఒక ప్రశ్న: వాళ్ళు కందులు పప్పు చేసుకుంటారా?

పాలమూరు_పంతులు | జూన్ 23, రాత్రి 8:50

అందరికీ కృతజ్ఞతలు. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, ఈ నెల నిజంగానే తీరిక లేదు.

గంగరావి గారి మాట ప్రకారం ప్రధానోపాధ్యాయుడి దగ్గరకు వెళ్ళి, మిగతా ఉపాధ్యాయులకు ఉన్నట్టే నాకూ జాము ఇవ్వమని అడిగాను. పిల్లల హాజరు, పారిశుద్ధ్యం, మధ్యాహ్న భోజనం అన్నీ ఒక వారంపాటు ఒక ఉపాధ్యాయుడు చూసుకునే వంతును ఇక్కడ జాము అంటారు. మన రాత్రి జాముతో ఆ మాటకు చుట్టరికం ఉందో లేదో నేను చెప్పలేను గాని, వినగానే ప్రాణం లేచివచ్చింది. పైగా ఇక్కడ గంటలు లెక్కపెట్టేది సూర్యోదయం నుండి. మన ఏడు గంటలు వాళ్ళకు ఒంటిగంట. జనవరిలో రెండింటికి సమావేశమంటే భోజనం చేసి మధ్యాహ్నం రెండింటికి వెళ్ళాను, వాళ్ళు ఉదయం ఎనిమిదింటికే ముగించారు. ఆరోజు ఎవరూ ఒక్క మాట అనలేదు. ఈ నెల జాము వారంలో పావుగంట ఆలస్యమైతే మాత్రం ప్రధానోపాధ్యాయుడు అందరిలోనూ అడిగారు.

ఇక కందుల సంగతి. ఇక్కడ ఎక్కువగా అమ్మకానికే పండిస్తారు; తిన్నా గింజను గింజలాగే ఉడికించుకుంటారు. పప్పు మీద మనసుపోయి, నిరుటి కందులు అయిదు కిలోలు కొని అమ్మకు ఫోన్ చేశాను. "ఏరా, అక్కడ ఎర్రమన్ను దొరుకుతుందా?" అన్నది అమ్మ మొదటి ప్రశ్న. బడి వెనక నేలంతా ఎర్రమన్నే. రాత్రంతా నానబెట్టి, వడగట్టి, తడి గింజలకు మన్ను పట్టించి, సంచుల మీద ఎండబోశాను. పక్కింట్లో మా సహోపాధ్యాయుడి తల్లి ఉంటారు, ఇరాకు అనే ఇక్కడి స్థానిక జాతివారు (ఇరాక్ దేశంతో సంబంధం లేదు). ముసలమ్మను ఇక్కడ బీబీ అంటారు. తినే గింజకు మన్ను పూస్తున్న నన్ను చూసి ఆమె కర్ర ఆనించుకుని వచ్చి నిలబడి, తమ భాషలో ఏదో అని, కొడుకును పిలిచి చూపించారు.

మూడో రోజు ఎండబోసి బడికి వెళ్ళి వచ్చేసరికి కోళ్ళు సంచుల మీద ఉన్నాయి. బీబీ కర్ర పట్టుకుని వాటిని తోలుతూ, నన్ను చూడగానే అందుకున్నారు. అన్నం ఆరుబయట పోసి కాపలా లేకుండా పోతావా, మీ అమ్మ నీకు ఇదేనా నేర్పింది, కోళ్ళు నావి కనుక పోనీలే అనుకున్నావా అని, సగం స్వాహిలీలోనూ సగం నాకు అర్థంకాని ఇరాకులోనూ చాలాసేపు తిట్టారు. టాంజానియా వచ్చాక నన్ను ఒకరు తిట్టడం అదే మొదలు. నేను తలవంచుకుని "షికమో" అన్నాను. పెద్దలకు చెప్పే నమస్కారం అది. నీ పాదాలు పట్టుకుంటున్నాను అన్నది దాని అసలు అర్థమని అంటారు. ఆమె "మరహబా" అని, తన నూరుడు రాయి దగ్గరకు నడవమన్నారు. రెండు రాళ్ళ మధ్య గింజ చితికి పొట్టు ఊడి, పసుపుపచ్చని బద్దలు బయటపడుతుంటే మేమిద్దరం చీకటిపడేదాకా కూర్చున్నాం. పొట్టు కోళ్ళకు పోశాం. పటాన్‌చెరు వారికి: పప్పు అయింది, చింతపండు కూడా ఇక్కడ దొరుకుతుంది కనుక పప్పుచారు కూడా అయింది. బీబీకి పులుపు నచ్చలేదు, ఉగాలితో, అంటే మొక్కజొన్న పిండి ముద్దతో, ముద్దపప్పు నచ్చింది.

ఆ తండ్రికి మీ మాట చెప్పాను. ఆ రైతుకు ఎన్ని ఎకరాలని అడిగారు.

గంగరావి | జూన్ 24, ఉదయం 6:30

ఆ తిట్లు చదివి నాకు కళ్ళు చెమర్చాయి. మా పెద్దావిడ పోయి అయిదేళ్ళైంది. ఆమె నన్ను తిట్టిన మాటలు కొన్ని ఇప్పటికీ నా నోట స్వాహిలీలోనే వస్తాయి, మా పిల్లలకు అర్థం కాకపోయినా ఆగుతారు. బీబీకి నా షికమో చెప్పండి.

పటాన్‌చెరు_పొలం | జూన్ 24, ఉదయం 9:00

మూడు ఎకరాల పదిగుంటలు. ఆయనకు?

ఓడరేవు | జూన్ 26, రాత్రి 10:40

పంతులుగారూ, పెద్దవాళ్ళ మధ్య, ఇచ్చిపుచ్చుకోవడం మధ్య మీకు చోటు దొరకడం చూస్తే, నేను భయపడిన దారి ఇది కాదని అర్థమైంది. అయినా ఒక ప్రశ్న అడగక తప్పదు. మీరు వెళ్ళిపోయిన మర్నాడు ఆ తరగతిలో గణితం ఎవరు చెబుతారు? ఇప్పటినుండే అక్కడి ఉపాధ్యాయుడు ఒకరితో కలిసి పాఠం చెప్పడం మొదలుపెడితే, రెండేళ్ళకు మీరు లేని లోటు బీబీకి తెలియాలి గాని పిల్లల లెక్కకు తెలియకూడదు.

పాలమూరు_పంతులు | సెప్టెంబరు 14, రాత్రి 9:10

ఓడరేవు గారి ప్రశ్నకు జవాబు జూలైలో దొరికింది. బీబీ కొడుకు భౌతికశాస్త్రం చెబుతారు. మొదటి సంవత్సరం గణితం ఇప్పుడు ఇద్దరం కలిసి చెబుతున్నాం. ప్రశ్నను ఆయన ముందు స్వాహిలీలో విడమరచి చెప్పి, తర్వాత పిల్లలచేతే ఇంగ్లీషులో అనిపిస్తారు. నేను నాలుగు నెలలు బద్దలుకొట్టలేకపోయిన మౌనం ఆయన పద్ధతితో మూడు వారాల్లో చాలావరకు పోయింది. వచ్చే ఏడాది ఆ తరగతి ఆయనదే.

అరుషా రెండుసార్లు వెళ్ళివచ్చాను. ఆ కుటుంబం ఎంతో ఆదరంగా చూశారు. రెండోసారి తిరిగివచ్చేటప్పుడు బస్సులో పక్కన కూర్చున్నాయన మీది ఏ ఊరని అడిగితే, మహబూబ్‌నగర్ అనబోయి బబాటి అన్నాను. అబద్ధం చెప్పానేమోనని కాసేపు ఇబ్బందిపడ్డాను.

ఒక మాట నన్ను చాలాకాలం తికమకపెట్టింది. స్వాహిలీలో సొంత చోటును క్వేతు అంటారు. మన తెలుగులో మా ఇల్లు వేరు, మన ఇల్లు వేరు. నోరు తెరిచిన క్షణమే ఎదుటివాడు లోపలివాడో బయటివాడో తేల్చేయాలి. క్వేతులో ఆ తేడా లేదు. క్వేతుకు రా అని సహోపాధ్యాయుడు పిలిచినప్పుడల్లా, మా ఇంటికి రా అంటున్నాడా, మన ఇంటికి రా అంటున్నాడా అని నాలో నేను తెలుగులో తర్జనభర్జన పడుతుండేవాడిని. అడగడానికి వాళ్ళ భాషలో మాటే లేదు.

పోయిన నెల మా బడి వంటమనిషి తండ్రి చనిపోయారు. ఇక్కడ చావుకైనా పెళ్ళికైనా ఉపాధ్యాయులందరి పేర్లూ రాసి, ఎవరెంత ఇవ్వాలో వేసి, గోడకు కాగితం అంటిస్తారు. దాన్ని మ్చాంగో అంటారు. అంతకుముందు రెండుసార్లు ఆ కాగితంలో నా పేరు లేదు. నేను ఇస్తానన్నా, మీరు అతిథి కదా అని వద్దన్నారు. ఈసారి ఆరో పేరు నాది, అందరికీ వేసినంతే వేశారు. జీతం లేనివాణ్ణి కనుక నెలాఖరులో చేతిలో డబ్బులు లేక నాలుగు రోజులు ఆలస్యం చేశాను. అయిదో రోజు గుమస్తా తరగతి గుమ్మం దగ్గరకు వచ్చి, పిల్లలు వింటుండగానే, మ్వాలిము, అందరివీ వచ్చాయి, నీదే మిగిలింది అన్నారు. సాయంత్రానికి అప్పుచేసి కట్టాను. అప్పిచ్చింది బీబీ. ఆ రాత్రి భోజనానికి ఆమె క్వేతుకు రమ్మంటే, అది మా ఇల్లా, మన ఇల్లా అని నేను ఆలోచించలేదు.

పొలాల్లో మొక్కజొన్న ఎప్పుడో కోశారు, ఇప్పుడు కంది కోతలు. పటాన్‌చెరు వారికి: ఆయనకు నాలుగు ఎకరాలు, ఈసారి కాపు బాగుందన్నారు. శనివారం వాళ్ళ చేలో కంది కట్టెలు మోయడానికి రమ్మన్నారు, ఉదయం ఒంటిగంటకు. మన ఏడు గంటలన్నమాట.